బ్లాస్కెట్ దీవి: ఒక పల్లె చరిత్ర

ఐర్లండు దేశమునకు నైరుతి మూలన కెర్రీ అను మండలము కలదు. అందులో డింగిల్ అను ద్వీపకల్పము చాచిన చేతివలె అట్లాంటిక్ మహాసముద్రములోనికి పోయినది. ఆ చేతి వ్రేళ్లకు అందీ అందనట్లు ఆరు దీవులు పడియున్నవి. వానిలో పెద్దది గ్రేట్ బ్లాస్కెట్. పెద్దది అనుట తక్కిన అయిదింటితో పోల్చి చెప్పిన మాటయే. దీని నిడివి మూడు మైళ్లు. వెడల్పు అర మైలు. విస్తీర్ణము ఇంచుమించు 1,100 ఎకరములు. నడుమ వెన్నెముక వలె ఒక కొండ నిలిచియున్నది. దాని శిఖరము ఎత్తు 292 మీటర్లు. చెట్టు అనునది లేదు. ఒకటి రెండు చిన్న దీవులు దాటి పడమరకు పోయినచో అమెరికా ఖండము తగులువరకు నేల కానరాదు. అందుచేత ఆ ప్రాంతమువారు తమకు పొరుగూరు అమెరికాయే యని పరిహాసముగా చెప్పుకొనెడివారు.

1953 నవంబరు 17వ తేదీన ఈ దీవిలోని ఏకైక గ్రామమును ప్రభుత్వము ఖాళీ చేయించినది. అప్పటికి అందు మిగిలినవారు 22 మంది. ఇరువది యిద్దరు మనుష్యులు ఒక రేవునుండి మరియొక రేవునకు పోవుట లోకచరిత్రలో లెక్కకు వచ్చు విషయము కాదు. కాని ఆ గ్రామము ఉన్నప్పుడైనను రెండు వందల గడప ఎరుగదు; అట్టి పల్లె ఒకే తరములో ముగ్గురు గ్రంథకర్తలను ఐరిష్ భాషకు ఇచ్చినది. ఆ గ్రంథములను దేశము శిరసున ధరించినది. ఆ గ్రంథములను ఇచ్చిన జనము మాత్రము ఒక నావకు సరిపడు మనుష్యులు లేక దీవిని విడువవలసివచ్చినది. ఈ రెండు సంగతులును ఒకే కాలమున ఎట్లు జరిగెనో పరిశీలించుట మా ఉద్దేశ్యము.

దీవి పూర్వచరిత్ర సంగ్రహముగా చెప్పవచ్చును. మధ్యయుగములందు ఫెరిటర్ అను వంశమువారు దీనిని కౌలునకు అనుభవించిరి. ఆ వంశమున పుట్టిన పియర్స్ ఫెరిటర్ కవి, యోధుడు. ఆంగ్లేయుల పైనెత్తిన తిరుగుబాటులో పట్టుబడి 1653లో కిల్లార్నీ పట్టణమున ఉరికంబమెక్కెను. అంతకు పూర్వము 1588లో, ఇంగ్లండుపై దండెత్తి భంగపడి మరలుచున్న స్పెయిన్ నౌకాదళములోని కొన్ని ఓడలు తుఫానునకు తాళలేక దీవికిని తీరమునకును నడుమనున్న జలసంధిలో తలదాచుకొనజూచెను. అందు శాంతా మరియా దె లా రోసా అను ఓడ మునిగిపోగా ఒక్కడు మాత్రము బ్రతికి బయటపడెను. ఆ ఓడ శిథిలములను 1968లో గాని గజయీతగాండ్రు కనుగొనలేదు. ఆ జలసంధి స్వభావమును ఎరుగుటకు ఈ ఉదాహరణము చాలును. దీవివారు ప్రతి వారమును దాటుచుండినది ఆ నీటినే.

పందొమ్మిదవ శతాబ్దమున దీవి కార్క్ ప్రభువునకు చెందియుండెను. శిస్తు వసూలునకు వచ్చిన అమీనాలను గ్రామస్త్రీలు కొండ అంచున నిలిచి రాళ్లు రువ్వి తరిమివేసిన కథ దీవివారి గ్రంథములలో కలదు. శిస్తు కట్టకపోవుటలో వారికి సముద్రమే కోటగోడ. 1845 మొదలు నాలుగైదు సంవత్సరములు ఐర్లండును శ్మశానము గావించిన మహాక్షామము దీవిని కూడ తాకినది. కాని ఉర్లగడ్డ ఒక్కటే ఆధారముగా గలవారు తీరమున మ్రగ్గిపోవుచుండగా దీవివారికి చేప, గుల్ల, పక్షి కొంత ఆదుకొనినవి. 1891లో ఏర్పడిన ఒక ప్రభుత్వసంస్థ తరువాతి కాలమున దీవిని కొని, చీలికలు పేలికలుగానున్న పొలములను సరిచేసి రైతులకు పంచి, ఊరి పైభాగమున అయిదు క్రొత్త మేడయిండ్లను కట్టించినది. ప్రభువుల రాళ్ల దినములు అంతటితో ముగిసినవి.

ఇక గ్రామము. తీరమునకు ఎదురుగానున్న వాలున, గాలి కొంత చాటున, రాతియిండ్లు కొండ కడుపులో గ్రుచ్చినట్లుండెను. పాతయిండ్లు పొట్టివి, ఇరుకైనవి. రెల్లు కప్పు, మట్టి నేల, ఒకటి రెండు చిన్న కిటికీలు. మనుష్యులు ఒక చివర, ఆవు, గాడిద, కోళ్లు మరియొక చివర. కోళ్లకు కప్పులోని రెల్లు మిక్కిలి ఇష్టము. అందు గుంటలు చేసికొని గ్రుడ్లు పెట్టును. పిల్లలు నిచ్చెన వేసికొని యింటికప్పు మీద గ్రుడ్లు వెదకెడివారు. ఒక యింట భోజనముచేయుచుండగా కప్పునుండి కోడిపిల్లలు బల్లమీదికి రాలిపడిన సంగతి ఒక గ్రంథకర్త నవ్వుచు వ్రాసెను. తరువాత రెల్లునకు మారుగా తారు పూసిన దళసరి గుడ్డ వచ్చినది. ఇల్లు పొడిబారినది, కోళ్లకు గూడు పోయినది.

చెట్లు లేవు గనుక కట్టెలు లేవు. కొండమీద చిత్తడినేలలో ఏండ్ల తరబడి గడ్డియు నాచును మురిగి గట్టిపడిన నల్లమన్ను దొరకును. దానిని ఇటుకలవలె కోసి, యెండబెట్టి, గాడిదలపై దింపి పొయ్యిలో వాడుకొనెడివారు. పొలమునకు సముద్రపు నాచు ఎరువు. పంట ఉర్లగడ్డ, కొంత ఓట్సు ధాన్యము. తిండికి చేప, కుందేలు, రాళ్లనంటుకొనియుండు గుల్లలు, కొండచరియలలో గూళ్లు కట్టు సముద్రపక్షులు. పాతకాలమున సీలు అను జంతువును గుహలలో వేటాడి దాని నూనెతో దీపము వెలిగించి, మాంసము ఉప్పువేసి దాచుకొనెడివారు. ఓడ పగిలి సరకు కొట్టుకొని వచ్చినప్పుడు అది పండుగ. 1916లో క్వెబ్రా అను ఓడ దీవికడ బ్రద్దలై ప్రత్తి మొదలగు సరకు తేలివచ్చినది. యుద్ధకాలమున ఆ విధముగ కడలి ఇచ్చిన భాగ్యము దీవికి కొంత కలిగెను. జనసంఖ్య 176కు చేరినది ఆ సంవత్సరముననే. అంతకు మించి ఎన్నడును పెరుగలేదు.

దీవిలో లేనివి చెప్పుకొనుట సులభము. గుడి లేదు, మతాచార్యుడు లేడు, వైద్యుడు లేడు, మద్యశాల లేదు. ఆచార్యుడు సంవత్సరమునకొకమారు వచ్చి పూజ జరిపి పోవును. తక్కిన ఆదివారములందు పూజకు పోవలెనన్న జలసంధి దాటవలెను. పెండ్లికి దాటవలెను, పిండికి, టీ ఆకునకు, పొగాకునకు దాటవలెను, వైద్యునకై దాటవలెను. చచ్చినవారిని పూడ్చుటకు గూడ దాటవలెను. జ్ఞానస్నానము పొందకయే చనిపోయిన శిశువులను, ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన అనామకపు నావికుల శవములను మాత్రము దీవిలోనే పాతిపెట్టెడివారు.

ఈ దాటుటకు సాధనము నేవోగ్ అను నావ. దీనిని గూర్చి కొంచెము వివరముగా చెప్పవలెను. ఏలయన ఆ గ్రామచరిత్ర యంతయు దీనిపై ఆధారపడియున్నది. సన్నని చెక్కబద్దలను బుట్టవలె అల్లిక గావించి దానికి కేన్వాసుగుడ్డ తొడిగి పైన తారు పూయుదురు. పొడవు ఇరువది అడుగులకు మించియుండును గాని బరువు మిక్కిలి తక్కువ. అలపైన బాతువలె తేలును. కాని రాయి తగిలినచో చినుగును. ముగ్గురో నలుగురో తెడ్లు వేయవలెను. పని ముగిసిన పిమ్మట నావను ఒడ్డున విడిచినచో గాలి ఎత్తుకొనిపోవును. అందుచేత దానిని బోర్లించి, క్రింద మనుష్యులు దూరి, భుజములపై మోసి, ఎత్తైన తావున రాళ్లతో కట్టివేయుదురు. దూరమునుండి చూచినవారికి ఒక పెద్ద నల్లని పురుగు కాళ్లతో గట్టు ఎక్కుచున్నట్లుండును. ఆవును తీరమునకు చేర్చవలసివచ్చినప్పుడు దాని కాళ్లు కట్టి నావ అడుగున పరుండబెట్టెడివారు. బెదరి ఒక్క తన్ను తన్నినచో గుడ్డ చినిగి అందరును నీటిపాలు కావలసినదే.

పాఠకులు ఇచట గమనింపవలసినది ఒక్కటి. ఈ నావను ఒక్కడు నడపలేడు; ఒక్కడు మోయలేడు; ఇద్దరు ముసలివారును నడపలేరు. కనుక దీవిలో మనుష్యుడు బ్రతికియుండుట అతని ధనముమీదను, పొలముమీదను ఆధారపడియుండలేదు. పొరుగు యింట ఎందరు బలిష్ఠులైన పడుచువారున్నారను దానిపైన ఆధారపడియుండెను. సముద్రము ఆ గ్రామమును చంపినదని చాలమంది వ్రాసిరి. మాకట్లు తోచదు. సముద్రము వందల యేండ్లుగా అట్లే యున్నది. తెడ్డు పట్టు చేతులు తరిగిన కొలదియు ఆ మూడు మైళ్ల నీరు వెడల్పైనది.

ఊరికి ఒక రాజు ఉండెను. కిరీటము లేదు, సైన్యము లేదు, శిస్తు లేదు. పెద్దమనిషి తరహాయు, తీరమువారితో మాటలాడు నేర్పును గల వానిని ఊరందరును రాజు అని పిలుచుట ఆ ప్రాంతపు ఆచారము. పాట్రిక్ కీన్ అను తుదిరాజు 1929లో చనిపోయెను. ఆయన ఉద్యోగము టపా మోయుట. వారమునకు రెండుమారులు జలసంధి దాటి ఉత్తరములు తెచ్చిపెట్టెడివాడు. తన ప్రజలకు స్వయముగా ఉత్తరములందించిన రాజు మరియొకడు చరిత్రలో ఉండెనేమో మాకు స్ఫురించుట లేదు. సుప్రసిద్ధ నాటకకర్త జాన్ సింజ్ 1905లో దీవికి వచ్చి ఈ రాజు యింటనే బసచేసెను. రాజు ఉన్న తావున సభయు ఉండవలెను గదా! సాయంకాలములందు పురుషులు గుమిగూడి లోకవ్యవహారములు చర్చించుకొను ఒక యింటికి వారు చట్టసభ యని పేరు పెట్టుకొనిరి.

దీవికి పండితులు వచ్చుట మొదలైనది ఇరువదవ శతాబ్దారంభమున. ఐర్లండులో నాడు ఆంగ్లము ప్రబలి ఐరిష్ భాష పడమటి అంచులలో మాత్రము మిగిలియుండెను. 1893లో స్థాపితమైన గేలిక్ లీగు అను సంఘము ఆ భాషను మరల దేశభాష గావింపవలెనని ఉద్యమించినది. స్వచ్ఛమైన నుడికారము ఎచట దొరకునాయని వెదకువారికి బ్లాస్కెట్ దీవి తగిలినది. 1907లో నార్వేదేశస్థుడగు కార్ల్ మార్‌స్ట్రాండర్ వచ్చి నెలల తరబడి ఉండి భాష నేర్చుకొనెను. దీవివారు ఆయనను "లోఖ్‌లనఖ్", అనగా ఉత్తరదేశపు నావికుడు, అని పిలిచిరి. ఒక తెడ్డు ఊతగా ఇంటికప్పు మీదుగా దుమికెనని ఆయనపై కథ కూడ పుట్టినది. ఆయన శిష్యుడు రాబిన్ ఫ్లవర్ లండనులోని బ్రిటిష్ మ్యూజియమున వ్రాతప్రతుల అధికారి. 1910 మొదలు తరచుగ దీవికి వచ్చి ఊరివారిలో ఒకడైపోయెను. పేరులోని పువ్వును పట్టుకొని వారు ఆయనను ముద్దుగా చిరుపువ్వు అని పిలిచెడివారు. 1946లో ఆయన మరణింపగా, ఆయన కోరిక ననుసరించి చితాభస్మమును దీవిపై చల్లిరి.

ఈ పండితులకు గురువు టొమాస్ ఓ క్రోహన్ అను చేపలవాడు. ఆయన 1855 ప్రాంతమున జన్మించెను. 1864లో దీవిలో పాఠశాల తెరచిరి గాని అందు నేర్పినది ఆంగ్లపు చదువు. తన యింట, వాకిట, నావలో మాటలాడు భాషను వ్రాయుటగాని చదువుటగాని ఆయనకు ఎవరును నేర్పలేదు. గాలివానలకు నావ కదలక తీరమున చిక్కుబడిన దినములందు అచటి యిండ్లలోని పిల్లల పుస్తకములు పట్టుకొని, నడివయస్సున, తన భాషలోని అక్షరములను తానే కూడబలుకుకొనెను. ఆయనకు పదిమంది సంతానము. ఒకడు పక్షిపిల్లను పట్టబోయి కొండచరియనుండి పడిపోయెను. కొందరిని తట్టు, కోరింతదగ్గు తీసికొనిపోయినవి. మరియొక కుమారుడు 1909లో, వేసవికి వచ్చి నీటిలో మునిగిపోవుచున్న ఒక యువతిని రక్షింపబోయి, ఆమెతోకూడ మరణించెను.

1917లో బ్రయన్ కెల్లీ అను విద్యావంతుడు కిల్లార్నీనుండి వచ్చి టొమాస్‌ను వ్రాయుమని ప్రోత్సహించెను. నావంటివాని బ్రతుకులో వ్రాయదగినది ఏమున్నదని టొమాస్ సందేహించెను. కెల్లీ తర్కింపలేదు. ఐస్‌లండు సముద్రములలో చేపలుపట్టువారిని గూర్చి ఫ్రెంచి రచయిత పియర్ లోతీ వ్రాసిన నవలను, రష్యాదేశపు గోర్కీ రచనలను చదివి వినిపించెను. బీదజనులపైన గూడ గ్రంథములు వ్రాయుదురా యని టొమాస్‌నకు తెలిసినది. దినచర్యగా పుటలు వ్రాసి టపాలో పంపసాగెను. అట్లు 1928లో ఊరివారి సంభాషణల సంపుటమొకటియు, 1929లో ఆయన స్వీయచరిత్రమును వెలువడినవి. ఆ స్వీయచరిత్రము పేరునకు దీవిమనిషి అని అర్థము. 1934లో ఫ్లవర్ దానిని ఆంగ్లమున అనువదించెను.

ఆ గ్రంథముయొక్క గొప్పతనము దాని భాషలో కలదని ఎరిగినవారు చెప్పుదురు. ఐరిష్ భాషను పునరుద్ధరింపబూనినవారిలో రెండు పక్షములుండెను. మూడువందల యేండ్లనాటి గ్రంథభాషయే ప్రమాణమని ఒకరు. సజీవులగు జనుల నోటిమాటయే ప్రమాణమని వేరొకరు. ఈ వివాదముయొక్క రుచి తెలుగువారికి మేము చెప్పవలసిన పనిలేదు! టొమాస్ ఏ పక్షమునను చేరలేదు. బ్రతుకంతయు తాను మాటలాడిన తీరుననే, ఒక మాట యెక్కువ లేకుండ, ఏడ్పు లేకుండ వ్రాసెను. బిడ్డల చావులను ఆయన కొలది వాక్యములలో ముగించును. మరుసటి వాక్యమున మరల తెడ్డు పట్టుకొనును. ఆయన 1937లో మరణించెను.

రెండవ గ్రంథకర్త్రి పెగ్ సేయర్స్. ఈమె 1873లో తీరమున, డన్‌క్విన్ గ్రామమునకు చెంత జన్మించినది. అమెరికాకు పోయిన స్నేహితురాలు ఓడకూలి పంపుదునని చెప్పియుండెను. ఆ సొమ్ము రాలేదు. 1892లో దీవివానిని పెండ్లాడి అచటికి కాపురమునకు పోయినది. ఓడకూలి వచ్చియుండినచో ఐరిష్ వాఙ్మయమునకు ఎంత నష్టము కలిగెడిదో తలచుకొన్నచో ఆశ్చర్యముగానున్నది. ఆమెకు ఐరిష్ వ్రాయుట రాదు. కాని పొయ్యి ప్రక్కన కూర్చుండి కథ చెప్పినచో విన్నవారు వేళ మరచెడివారు. రాబిన్ ఫ్లవర్ మైనపు గొట్టములపై ధ్వనిని పట్టు యంత్రముతో ఆమె కంఠమును పట్టెను. 1935లో ఏర్పడిన ఐరిష్ జానపద సంఘమువారు ఆమె నోట మూడువందలకు పైగా కథలు వ్రాసికొనిరి. ఆమె చెప్పగా కుమారుడు వ్రాసిన ఆత్మకథ 1936లో అచ్చయినది. ఐర్లండు పాఠశాలలలో ఏండ్ల తరబడి అది పాఠ్యగ్రంథము. పరీక్షకై దుఃఖగాథ చదువవలసివచ్చిన పిల్లలు ఆమెను విసుగుకొనుట అచట ఒక లోకోక్తివంటిదైనది. అది ఆమె తప్పు కాదు. ఆమె కథ వినవలసినది, వల్లెవేయవలసినది కాదు.

మూడవవాడు మారిస్ ఓ సలివన్, 1904లో పుట్టినవాడు. కేంబ్రిడ్జి విద్యార్థియగు జార్జి థామ్సన్ 1923లో దీవికి వచ్చి ఇతనితో స్నేహముచేసెను. తరువాత థామ్సన్ గ్రీకు ఆచార్యుడై, హోమరు కావ్యములు నోటి పలుకుబడినుండి ఎట్లు పుట్టెనో తనకు గ్రంథాలయములకంటె ఈ చేపలవారి సంభాషణ ఎక్కువ నేర్పెనని చెప్పుచుండెడివాడు. ఆయన ప్రోద్బలముచేతనే మారిస్ అమెరికా ప్రయాణము మాని 1927లో ఐరిష్ పోలీసుదళమున చేరెను. అతని బాల్యగాథ 1933లో ఐరిష్‌లోను, ఆ యేడే ఆంగ్లానువాదమునను వెలువడినది, అనువాదమునకు ఇ. ఎం. ఫార్‌స్టర్ పరిచయవాక్యములు వ్రాసెను. టొమాస్ గ్రంథము రాయి అయినచో ఇది నురుగు. వేట, ఆట, అల్లరి, వెన్నెల దీనియందు నిండియున్నవి. ఆ జలసంధిని ఎన్నోమారులు దాటిన మారిస్ 1950లో గాల్వే తీరమున ఈదుచు మునిగిపోయెను.

పుస్తకములు పెరుగుచుండగా ఊరు తరుగుచుండెను. ఉప్పువేసిన మాకెరెల్ చేపలకు (ఇవి మన కానాగంతల జాతివి) అమెరికాలో గిరాకి 1920ల తరువాత పడిపోయినది. పెద్ద డెక్కల లాబ్‌స్టరు రొయ్యలు కొంతకాలము ఫ్రెంచి నావలకు అమ్ముడుపోయినవి. ఆవిరియోడలు వలలతో సముద్రమును ఊడ్చుకొనిపోవుచుండగా గుడ్డనావ ఏమి చేయగలదు? పడుచువారు పొరుగూరు చూచుకొనిరి. ఒకరు పోయి కూలి సంపాదించి తమ్మునకో చెల్లెలికో ఓడకూలి పంపుదురు. ఆమె పోయి మరియొకరికి పంపును. మాసచూసెట్సు రాష్ట్రమునందలి స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున బ్లాస్కెట్‌వారు ఒక పేటయే కట్టుకొనిరి. పోవుటకు ముందు రాత్రి ఊరంతయు ఆ యింట చేరి పాడును, ఆడును, ఏడ్చును. చనిపోయినవారికి చేయు జాగారమునకు ఏ పేరో దానికిని ఆ పేరే. పోయినవారు మరల రారని ఎరిగియే ఆ పేరు పెట్టిరి. పెగ్ సేయర్స్ బిడ్డలును అట్లే పోయిరి. ఆమెయే 1942లో దీవి విడిచి పుట్టినయూరు చేరినది. 1941లో పిల్లలు లేక పాఠశాల మూతపడినది.

1943 మార్చి 17న, జాతీయపర్వదినమున, ప్రభుత్వాధినేత ఈమన్ డి వలేరా రేడియోలో జాతినుద్దేశించి ప్రసంగించెను. గేలిక్ లీగు స్థాపితమై ఏబది యేండ్లయిన సందర్భమది. మితమైన సుఖముతో తృప్తిజెంది, ఐరిష్ మాటలాడుచు, పొయ్యి ప్రక్కన పెద్దల జ్ఞానము వినుచు బ్రతుకు గ్రామీణజనమును ఆయన ఆ ప్రసంగమున ఆదర్శముగా వర్ణించెను. ఐర్లండు చరిత్రలో ఆ రేడియో ప్రసంగము మిక్కిలి ప్రసిద్ధికెక్కినది. అందలి చిత్రమునకు అక్షరాల సరిపోవు ఊరు బ్లాస్కెట్. ఆ ఊర ఆనాడు యువతులు ఇంచుమించు లేరు; పెండ్లిండ్లు నిలిచిపోయినవి.

1941 ప్రాంతమున ఊరి టపాకచ్చేరిలో ప్రభుత్వము తీగెలేని టెలిఫోను నొకదానిని అమర్చినది. ఆపద వచ్చినచో తీరమునకు చెప్పుకొనుటకు అదియే దారి. 1946 డిసెంబరు చివరను ఇరువదినాలుగేండ్ల యువకుడొకడు జబ్బుపడెను. మెదడుపొరల వాపు. టెలిఫోను పలుకలేదు. సముద్రము లేచియుండెను. వైద్యుడు రాలేదు, ఆచార్యుడు రాలేదు. 1947 జనవరి 10న ఆ యువకుడు మరణించెను. శవపేటికకును జలసంధి దాటవలెను. పాతిపెట్టుటకు మరల దాటవలెను. మాట అందకపోవుట ప్రాణము తీయునని మనకు ఊహించుట కష్టము. ఊరివారి మనస్సు విరిగినది ఆనాడని చెప్పుదురు. తరువాత ఏప్రిలులో తుఫానుల మూలమున తిండి కరవై, ఆహారము పంపుడని డి వలేరాకే తంతి యిచ్చిరి. సహాయము వచ్చినది. జూలైలో డి వలేరా స్వయముగా దీవికి వచ్చి వారితో ఐరిష్‌లో మాటలాడెను. మమ్ము తీరమునకు చేర్చుడని వారు కోరిరి.

అక్కడికి తీరము మూడు మైళ్లు. ఆ కోరిక నెరవేరుటకు ఆరేండ్లు పట్టినది. సంఘములు కూర్చుండెను, నివేదికలు వ్రాయబడెను. నడుమ ప్రభుత్వము మారి మరల డి వలేరాయే వచ్చెను. భాషకు పట్టుగొమ్మయని పొగడిన గ్రామమును తమ చేతులతో మూయుటకు నాయకులు సంకోచించిరని కొందరందురు. కావచ్చును. కాని ఆ సంకోచపు వెల చెల్లించినది డబ్లిను నగరము కాదు. ఆ యేండ్లలో దీవిపై నుండిన బిడ్డ ఒక్కడే. తక్కినవారందరు పెద్దలు, ముసలివారు. ఆ పిల్లవానిని పత్రికలు ప్రపంచమున కెల్ల ఒంటరి బాలుడని వ్రాయగా దూరదేశములనుండి వానికి ఆటవస్తువులు, ఉత్తరములు వచ్చిపడినవి. మిఠాయిబుట్టలవలన నావకు తెడ్డువేయు మనిషి రాడు.

తుదకు భూమి కమిషన్‌వారు డన్‌క్విన్‌లో ఇండ్లు కట్టించి, కొంత పొలమిచ్చి, 1953 నవంబరు 17న దీవివారిని తరలించుటకు నావను పంపిరి. ఆనాడు కూడ సముద్రము లొంగలేదు. పెద్దసామాను ఎక్కించుటకు వీలుపడలేదు. అందరును ఒక్క దినముననే రాలేదు. వెనుకబడినవారు కొలదికాలమునకు వచ్చిరి. వారు ఏడ్చిరా యని వెదకిన విలేకరులకు ఆశాభంగమే కలిగియుండును. ఎక్కువమంది ఊరటపడిరి. క్రొత్తయిండ్ల వాకిటనుండి దీవి ఎదురుగా కనబడుచునే యుండును. వేసవిలో గొఱ్ఱెలను చూచుకొనుటకు, చేపలకు కొందరు పోయివచ్చుచుండిరి. పెగ్ సేయర్స్ అప్పటికి కంటిచూపు కోల్పోయి డింగిల్ ఆసుపత్రిలో ఉండెను. 1952లో జానపద సంఘమువారు ఆమె కంఠమును రికార్డులపై ఎక్కించిరి. 1958 డిసెంబరులో ఆమె చనిపోయినది. ఐరిష్ మాటలాడు ప్రాంతములకై ప్రత్యేక రేడియోకేంద్రము 1972లో గాని ప్రారంభము కాలేదు.

తరువాతి కథలో ఒక విచిత్రమున్నది. దీవిపై ఎవరును కాపురములేని పిదప దాని సొత్తునకు విలువ వచ్చినది. వెలుపలివారు కొందరు పొలములు కొనిరి. 1989లో పార్లమెంటు దీవిని జాతీయ చారిత్రకస్థలము గావించుటకు ఒక శాసనముచేసి, సొంతదారులనుండి భూమిని తీసికొను అధికారము ప్రభుత్వమున కిచ్చినది. 1953 నవంబరు 17కు పూర్వము దీవిపై కాపురమున్నవారికిని వారి సంతతికిని మాత్రము అందు మినహాయింపు. వంశమునుబట్టి పౌరులలో భేదము పాటించుట రాజ్యాంగమునకు విరుద్ధమని 1998లో హైకోర్టును, మరుసటి యేడు సుప్రీముకోర్టును ఆ శాసనమును కొట్టివేసినవి. దీవి మూయబడిన తేదీ న్యాయస్థానమున అట్లు వాదమునకు వచ్చినది. పిదప ప్రభుత్వము బలవంతము మాని, బేరమాడి, ఊరిలోని చాలభాగమును కొనినది.

ఇప్పుడు డన్‌క్విన్‌లో దీవి గాథను చెప్పు ఒక ప్రదర్శనశాల కలదు, 1993లో తెరచిరి. వేసవిలో సముద్రము అనుకూలించిన దినములందు యాత్రికులు మోటారునావలలో దీవికి పోయివత్తురు. కప్పులు పోయిన రాతిగోడలు, వాని నడుమ గొఱ్ఱెలు, తెల్లని యిసుకతీరమున వందలకొలది సీలు జంతువులు. వానిని వేటాడువారు లేరు. టొమాస్ యింటికి ప్రభుత్వమువారు మరల గోడలెత్తి కప్పువేయించిరి. ఏటేట వేసవి నెలలకు ఇద్దరు కావలివారిని జీతమునకు పెట్టుకొందురు. ఆ రెండు ఉద్యోగములకు ప్రపంచము నలుమూలలనుండి వేలకొలది దరఖాస్తులు వచ్చుచున్నవి. శరత్కాలమున గాలి మారగానే వారును తీరమునకు మరలిపోవుదురు.